మాల తీశాక చేయించిన రక్తపరీక్షను నమ్ముకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నాకు 43 ఏళ్లు. ఖమ్మం దగ్గర ఎలక్ట్రికల్ సామాన్ల షాపు నడుపుతున్నాను. పదిహేనేళ్ల నుంచి తాగుతున్నాను. రోజూ రాత్రి షాపు కట్టేశాక క్వార్టర్ విస్కీ, ఆదివారం అయితే హాఫ్. ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకుంటాను, ఆ 41 రోజులూ చుక్క ముట్టను. పోయిన డిసెంబరు ఆఖర్లో శబరిమల వెళ్లొచ్చి మాల తీసిన మర్నాడే లివర్ పరీక్ష చేయించుకుంటే అంతా నార్మల్ అన్నారు. సంతోషపడి మళ్లీ మొదలుపెట్టాను. ఈ జూన్‌లో ఇన్సూరెన్స్ కోసం మళ్లీ చేయిస్తే ఎస్‌జీఓటీ 118, ఎస్‌జీపీటీ 54, జీజీటీ 286, బిలిరుబిన్ 1.1, ఆల్బుమిన్ 4.1 వచ్చాయి. సీబీపీలో (రక్తకణాల పరీక్షలో) ఎంసీవీ 103, ప్లేట్‌లెట్లు 1.72 లక్షలు. స్కానింగ్‌లో గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ అని రాశారు. ఫ్రెండ్ ఒకడు ‘నెల మానెయ్, అన్నీ దిగిపోతాయి, తర్వాత మామూలే’ అంటున్నాడు. నేను మాత్రం ఈసారి పూర్తిగా మానేద్దామనుకుంటున్నాను. నా లివర్ పాడైపోయినట్టేనా? ఒక్కసారిగా మానేయొచ్చా, మెల్లగా తగ్గించుకోవాలా? మెడికల్ షాపులో ఇచ్చిన లివర్ టానిక్ తాగుతున్నాను, చాలుతుందా? ఇంకోమాట. పోయినసారి మాల వేసుకున్న మొదటి మూడు రాత్రులూ నిద్ర పట్టలేదు, ఒళ్లంతా చెమటలు, చేతులు వణికి టీ గ్లాసు కూడా పట్టుకోలేకపోయాను. తెల్లవారుజాము చన్నీళ్ల స్నానం పడలేదేమో అనుకున్నాం.

జవాబు: మీ ఉత్తరంలో నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఎస్‌జీఓటీ కాదు, చివర్లో ‘ఇంకోమాట’ అంటూ రాసిన ఆ నాలుగు ముక్కలు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

ఆ వణుకు చన్నీళ్ల వల్ల రాలేదు. మందు ఆపినందువల్ల వచ్చింది. ఆల్కహాల్ మెదడును మందగింపజేస్తుంది, ఏళ్ల తరబడి రోజూ తాగితే ఆ మందగింపును తట్టుకోవడానికి మెదడు తన వేగం పెంచుకుని దానికే అలవాటు పడిపోతుంది, అలాంటప్పుడు ఉన్నట్టుండి మందు ఆగిపోతే ఆ వేగానికి పగ్గం లేకుండా పోతుంది. చివరి పెగ్గు తర్వాత 6 నుంచి 24 గంటల్లో చేతుల వణుకు, చెమటలు, వికారం, గుండెదడ, నిద్ర పట్టకపోవడం మొదలవుతాయి. కొందరికి మొదటి 48 గంటల్లో ఫిట్స్ వస్తాయి. ఇంకొందరికి రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతి తప్పుతుంది: లేని మనుషులు కనిపిస్తారు, ఒంటి మీద పురుగులు పాకుతున్నాయని దులుపుకుంటారు, ఇంట్లోనే ఉండి ఇల్లెక్కడ అని అడుగుతారు, జ్వరం, బీపీ పెరుగుతాయి. దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారు, వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. ఇలాంటి మనిషిని చూసి గాలి సోకిందని మంత్రగాడి దగ్గర కూర్చోబెట్టి రెండు రోజులు పోగొట్టుకున్న కుటుంబాలు మన దగ్గర తక్కువేం లేవు.

మీ విషయంలో ఇంకో చిక్కుంది. మీరు ఏటా మానుతున్నారు, ఏటా మళ్లీ మొదలుపెడుతున్నారు. ఇలా మానడం, మొదలుపెట్టడం పదేపదే జరిగేకొద్దీ మానినప్పుడు వచ్చే బాధ ముదురుతూ పోతుంది. మొదట్లో మాల వేసుకున్నప్పుడు ఏ ఇబ్బందీ ఉండకపోవచ్చు, పోయినసారి వణుకు వచ్చింది, ఈసారి ఫిట్స్ రావన్న హామీ లేదు. కాబట్టి మీరు అడిగినదానికి సూటిగా చెప్తున్నాను: ఇంట్లో ఒంటరిగా, డాక్టర్‌కు చెప్పకుండా ఈ రాత్రే ఒక్కసారిగా ఆపేయకండి. మానేయడం వాయిదా వేసుకోమని దీనర్థం కాదు. రేపో ఎల్లుండో సైకియాట్రిస్టు దగ్గరికి గానీ, దగ్గర్లోని జిల్లా ఆసుపత్రి సైకియాట్రీ విభాగానికి గానీ ఇంట్లో ఒకరిని వెంటబెట్టుకుని వెళ్లండి, పోయినసారి వణుకు సంగతి మొదటి మాటగా చెప్పండి. దాదాపు వారం పాటు రోజురోజుకూ డోసు తగ్గిస్తూ మాత్రలు ఇస్తారు. సొంతంగా రోజుకో పెగ్గు తగ్గించుకుంటూ పోదామని చాలామంది అనుకుంటారు గానీ, మూడో రోజుకల్లా లెక్క తప్పుతుంది, అది నేను చూస్తూనే ఉన్నాను.

మీ రక్తపరీక్ష నిజంగా పనికొచ్చే మొదటి చోటు ఇదే. ఈ వైద్యంలో ఎక్కువగా వాడే క్లోర్‌డయాజిపాక్సైడ్‌ను లివర్ విరిచి బయటికి పంపాలి. లివర్ బాగా బలహీనపడి ఉంటే ఆ మందు ఒంట్లో పేరుకుపోయి మనిషి మగతలోకి జారిపోతాడు. అలాంటివాళ్లకు లోరాజిపామ్ లాంటిది ఎంచుకుంటారు. మీ బిలిరుబిన్, ఆల్బుమిన్ చూస్తే మీకు అంత పరిస్థితి లేదనే అనిపిస్తోంది, అయినా పీటీ-ఐఎన్‌ఆర్ అనే రక్తం గడ్డకట్టే పరీక్ష మీ రిపోర్టులో లేదు, అది కూడా చేయించి ఆ కాగితాలన్నీ తీసుకెళ్లండి.

ఇంకో జాగ్రత్త. నీరసంగా ఉందని వెళ్తే ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర ముందుగా ఎక్కించేది గ్లూకోజ్ బాటిల్. రోజూ తాగేవాళ్ల ఒంట్లో థయమిన్, అంటే విటమిన్ బీ1, అడుగంటి ఉంటుంది. గ్లూకోజ్‌ను వాడుకోవడానికి ఒంటికి ఆ విటమిన్ కావాలి. థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోయి మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది: కళ్లు అదురుతాయి, నడక తూలుతుంది, జ్ఞాపకం పోతుంది, అలా పోయిన జ్ఞాపకం కొందరికి తిరిగి రాదు కూడా. కాబట్టి ఎవరు సూది పట్టుకున్నా ‘నేను రోజూ తాగేవాణ్ని, ముందు థయమిన్ ఇవ్వండి’ అని అడగండి. సిగ్గుపడాల్సిన పని లేదు.

ఇక అంకెల సంగతి. ముందు మీరు ఎంత తాగుతున్నారో లెక్క వేద్దాం, ఎందుకంటే ‘రోజుకు క్వార్టరేగా’ అనే మాట రోజూ వింటుంటాను. 180 మిల్లీలీటర్ల విస్కీలో సుమారు 60 గ్రాముల అసలు ఆల్కహాల్ ఉంటుంది. ఆరు రోజులు క్వార్టర్, ఆదివారం హాఫ్ అంటే వారానికి దాదాపు అరకిలో. బీరుకు మారితే మంచిదని అనుకునేవాళ్లకు కూడా ఒక మాట, 650 మిల్లీలీటర్ల స్ట్రాంగ్ బీరు ఒక్కటి తాగితే 40 గ్రాములు లోపలికి పోతుంది, అంటే నాలుగు చిన్న పెగ్గులతో సమానం.

ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ రెండూ లివర్ కణాల లోపల ఉండే ఎంజైములు, కణం దెబ్బతింటే రక్తంలోకి కారతాయి. బరువు, షుగర్ వల్ల వచ్చే ఫ్యాటీ లివర్‌లో మామూలుగా ఎస్‌జీపీటీది పైచేయి. మీకు ఎస్‌జీఓటీ దానికి రెట్టింపు దాటింది. జీజీటీ అనే ఇంకో లివర్ ఎంజైము మగవాళ్లలో 60 లోపు ఉండాల్సింది 286 ఉంది. ఎర్రకణాల సైజు చెప్పే ఎంసీవీ 100 దాటింది. ఈ మూడూ ఒకే రిపోర్టులో కనిపిస్తే పేషెంటు ‘అప్పుడప్పుడు తాగుతానండీ’ అన్నా మాకు విషయం అర్థమైపోతుంది. మీరు దాచలేదు, అది చాలా మంచి పని.

అయితే లివర్ ఫంక్షన్ టెస్ట్ (ఎల్‌ఎఫ్‌టీ) అనే పేరే చాలామందిని పక్కదారి పట్టిస్తోంది. ఎంజైములు లివర్ పనితీరును చెప్పవు, ఇప్పుడు ఎంత గాయమవుతోందో చెప్తాయి. పనితీరు తెలియాలంటే ఆల్బుమిన్, బిలిరుబిన్, ఐఎన్‌ఆర్ చూడాలి, ఎందుకంటే ఆల్బుమిన్‌ను, రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లను తయారుచేసేది లివరే. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ దాదాపు నార్మల్‌గా ఉండి, లోపల లివర్ మాత్రం గట్టిపడి సిర్రోసిస్ అయినవాళ్లు ఉంటారు. వాళ్లలో అనుమానం కలిగించేది ఒక్కోసారి సీబీపీలో ప్లేట్‌లెట్ల సంఖ్య. లివర్ గట్టిపడితే దానిలోకి వెళ్లే రక్తం వెనక్కి ఎగదన్నుతుంది, ప్లీహం ఉబ్బుతుంది, ప్లేట్‌లెట్లు అందులో చిక్కుకుపోతాయి. మీకు 1.72 లక్షలు, నార్మల్‌లోనే ఉన్నాయి కానీ కింది గీతకు దగ్గరగా ఉన్నాయి. ఆల్కహాల్ ఎముక మూలుగను నేరుగా దెబ్బతీసినా ఇవి తగ్గుతాయి, మానేసిన ఒకటి రెండు వారాల్లో పెరిగితే కారణం అదే అయి ఉండొచ్చు.

ఇప్పుడు డిసెంబరు రిపోర్టు దగ్గరికొద్దాం. అది అబద్ధం కాదు, కానీ అది చెప్పని మాటను మీరు అందులో చదువుకున్నారు. ఎంజైములు కొన్ని వారాల్లో దిగుతాయి, జీజీటీ సుమారు రెండు మూడు వారాలకు సగం చొప్పున తగ్గుతుంది, లివర్‌లోని కొవ్వు కూడా చాలామందిలో రెండు నుంచి ఆరు వారాల్లో కరుగుతుంది. 41 రోజులంటే సరిగ్గా వీటన్నిటికీ చాలినంత కాలం. మీ ఫ్రెండ్ చెప్పింది ఇంతవరకే నిజం. పదిహేనేళ్లలో, ఏడాదికి పదిన్నర నెలల చొప్పున, లివర్‌లో మచ్చ కట్టిన భాగం ఏమైనా ఉంటే అది 41 రోజుల్లో మాయమయ్యేది కాదు, ఎస్‌జీపీటీ నార్మల్ అయినంత మాత్రాన అది లేదనీ కాదు. ఆ డిసెంబరులో సీబీపీ కూడా చేసి ఉంటే ఎంసీవీ ఎంతుందో ఒకసారి తీసి చూడండి. ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, పెద్దగా తయారైన కణాలన్నీ పోయి కొత్తవి రావడానికి మూడు నాలుగు నెలలు పడుతుంది, అందుకని మాల తీసిన మర్నాడు కూడా అది ఎక్కువగానే ఉండి ఉండొచ్చు.

మచ్చ ఉందో లేదో తెలుసుకోవడానికి చవకైన లెక్క ఒకటుంది, ఫిబ్-4 అంటారు. వయసును ఎస్‌జీఓటీతో గుణించి, దాన్ని ప్లేట్‌లెట్ల సంఖ్య (వేలల్లో), ఎస్‌జీపీటీ వర్గమూలం, ఈ రెండింటి లబ్ధంతో భాగించాలి. 1.3 లోపు వస్తే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ, 2.67 దాటితే తప్పక చూడాలి. మీ జూన్ అంకెలతో వేస్తే 4 వస్తోంది. చూసి గుండె జారిపోనక్కర్లేదు, ఎందుకంటే తాగుతున్న రోజుల్లో ఎస్‌జీఓటీ తాత్కాలికంగా పెరిగి ఈ లెక్కను పైకి లాగేస్తుంది. మానేసిన ఆరు వారాల తర్వాత ఎస్‌జీఓటీ 36, ఎస్‌జీపీటీ 32, ప్లేట్‌లెట్లు 2.21 లక్షలు వచ్చాయనుకోండి, అప్పుడు అదే లెక్క 1.24కు దిగుతుంది. దిగకపోతే అప్పుడు గట్టిగా ఆలోచించాలి. ఫైబ్రోస్కాన్ కూడా అంతే. లివర్ ఎంత గట్టిగా ఉందో అది కొలుస్తుంది, కానీ తాగుతున్నప్పుడు వాపు వల్ల కూడా లివర్ గట్టిగానే కనిపిస్తుంది, ఇప్పుడు చేయించుకుంటే అనవసరంగా భయపడతారు. ఆరు నుంచి ఎనిమిది వారాలు మానేశాక, కనీసం మూడు గంటలు ఏమీ తినకుండా వెళ్లి చేయించుకోండి.

ఈ వారం చేయించాల్సినవి ఐఎన్‌ఆర్, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, షుగర్, కొలెస్ట్రాల్. హెపటైటిస్ బి, సి ఎందుకంటే, లివర్‌లో వైరస్ కూడా ఉండి మందు కూడా పడితే మచ్చ రెండింతలు తొందరగా కాదు, అంతకంటే వేగంగా ముదరవచ్చు, పైగా ఆ రెండింటికీ ఇప్పుడు మంచి మందులున్నాయి. ఆరు వారాలకు ఎల్‌ఎఫ్‌టీ, సీబీపీ మళ్లీ, నాలుగో నెలలో ఇంకోసారి. మధ్యలో వారం వారం చేయించి అంకెలు చూసుకుంటూ కూర్చోవద్దు, అది టెన్షన్ పెంచడం తప్ప ఇంకేం చేయదు. కళ్లు పచ్చబడినా, పొట్ట ఉబ్బినా, రక్తం కక్కినా, విరేచనం తారులా నల్లగా అయినా, పగలు మగత రాత్రి మెలకువగా ఉండి మాట తడబడుతున్నా ఏ పరీక్ష కోసమూ ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. కామెర్లకు పసరు అంటూ తిరగొద్దు.

టానిక్ గురించి చెప్పేది తక్కువే. తాగుతూ టానిక్ వేసుకుంటే లివర్‌కు కలిగే మేలేమీ లేదు, మానేస్తే టానిక్ అవసరం పెద్దగా ఉండదు. మొక్కల మందే కదా అని తిప్పతీగ లాంటివి కూడా సొంతంగా మొదలుపెట్టకండి, కోవిడ్ రోజుల్లో తిప్పతీగ తెగ వాడిన కొందరిలో లివర్ దెబ్బతిన్నట్టు మన దేశపు డాక్టర్లే రాశారు. ఒళ్లునొప్పులకు పారాసిటమాల్ వేసుకుంటే రోజుకు 2 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు, దాటనివ్వకండి.

చివరగా, మీరు అడగనిది ఒకటి చెప్తాను. మాలలో ఉన్న 41 రోజులూ మీకు రాత్రి తొమ్మిదింటికి షాపు కట్టేశాక వెళ్లడానికి ఒక చోటుండేది. భజన, పడిపూజ, తోటి స్వాములు, మిమ్మల్ని ‘స్వామీ’ అని పిలిచే ఇల్లు. గ్లాసు ఇవ్వజూపేవాడే లేడు. మాల తీసిన రోజున దీక్షతో పాటు ఆ తొమ్మిదింటి చోటు కూడా పోయింది. మీకు మనోబలం లేదని నేను ఒప్పుకోను, ఏటా 41 రోజులు చేసి చూపించారు. ఈసారి ఆ గంటను ఏం చేయాలో ముందే తేల్చుకోండి, మీ గురుస్వామికి నిజం చెప్పి సాయం అడిగినా తప్పు లేదు. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుగా కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగులు ఉచితం. రాత్రిపూట మరీ లాగేస్తుంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు. తాగాలన్న తహతహను తగ్గించే మందులూ ఉన్నాయి, మీ లివర్ అంకెలు చూసి ఏది సరిపోతుందో డాక్టర్ నిర్ణయిస్తారు.

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. మా ఆయనకు 36 ఏళ్లు, రోజూ తాగుతారు. ఒకాయన దగ్గర ‘తాగుడు మాన్పించే పొడి’ తెచ్చి, ఆయనకు తెలియకుండా కూరలో కలిపి పెడుతున్నాను. నాలుగు రోజులైంది. మొన్న తాగి వచ్చాక ముఖం ఎర్రబడి, విపరీతంగా వాంతులై, గుండె పట్టేసినట్టుందన్నారు. మందు పని చేస్తున్నట్టేనా? లివర్ పరీక్ష ఏమైనా చేయించాలా?

జవాబు: అమ్మా, ఆ పొడి ఈ పూట నుంచే ఆపేయండి. మీరు ఎంత విసిగిపోయి ఆ పని చేశారో నాకు అర్థమవుతోంది, మిమ్మల్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే అందులో డైసల్ఫిరామ్ అనే మందు కలిసి ఉండొచ్చు. ఆల్కహాల్ ఒంట్లో విరిగేటప్పుడు మధ్యలో అసిటాల్డిహైడ్ అనే విషం తయారవుతుంది, మామూలుగా అది వెంటనే మారిపోతుంది, ఈ మందు దాన్ని మారనివ్వకుండా అడ్డుకుంటుంది. అందుకే ఆ ఎరుపు, వాంతులు, దడ. బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోయిన సందర్భాలున్నాయి. డైసల్ఫిరామ్ డాక్టర్లూ వాడతారు, కానీ మనిషికి అన్నీ చెప్పి, ఒప్పుకున్నాక, గుండె, లివర్ పరీక్షలు చూసి ఇస్తారు, మొదలుపెట్టిన పది పద్నాలుగు రోజులకు లివర్ పరీక్ష మళ్లీ చేయిస్తారు, ఎందుకంటే అరుదుగా ఆ మందే లివర్‌ను తీవ్రంగా దెబ్బతీస్తుంది.

పొడి ఆపినా దాని ప్రభావం రెండు వారాల దాకా ఉండొచ్చు, ఆ రోజుల్లో ఆయన తాగితే మళ్లీ అదే జరుగుతుంది. కాబట్టి ఆయనకు చెప్పక తప్పదు. కష్టమే. ఒంటరిగా చెప్పకండి, ఆయన మాట వినే అన్నయ్యో, బావగారో పక్కన ఉండగా, తాగి లేని పొద్దుటి పూట చెప్పండి: ‘నువ్వు మానాలని చేశాను, ప్రమాదమని తెలిసింది, డాక్టర్ దగ్గరికి వెళ్దాం పద.’ మొన్న గుండె పట్టేసినట్టుందన్నారు కాబట్టి ఈసీజీ, ఎల్‌ఎఫ్‌టీ రెండూ ఈ రోజే చేయించండి, మిగిలిన పొడి పొట్లం కూడా పట్టుకెళ్లండి. నొప్పి మళ్లీ వస్తే 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: మాది నిజామాబాద్ వైపు పల్లె. మా బాపు రోజూ కల్లు తాగేటోడు. కంపౌండు మూసేయడంతో రెండు రోజుల నుంచి తాగలేదు. ఒకటే వణుకు, రాత్రంతా గోడతో మాట్లాడుతున్నాడు. లివర్ పరీక్ష చేయించమంటారా?

జవాబు: లివర్ పరీక్ష తర్వాత. ఈ ఉత్తరం మాకు అందిన రోజే మీకు ఫోన్ చేసి చెప్పించాం, ఇలాంటి ఇళ్లు ఇంకా ఉంటాయని ఇక్కడ కూడా రాస్తున్నాను. చెట్టు నుంచి దించిన కల్లు వేరు, చాలా చోట్ల అమ్ముతున్న కల్లు వేరు. అందులో ఆల్ప్రజోలామ్, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. అలాంటిది ఏళ్లపాటు తాగి ఒక్కసారి ఆగిపోతే ఫిట్స్, మతి తప్పడం రెండూ వస్తాయి. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మందు దొరక్క ఈ స్థితిలో ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వరసగా మనుషులు వచ్చారు. గోడతో మాట్లాడుతున్నాడంటే ఇంటి దగ్గర ఉంచే స్థితి కాదు, జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో చేర్పించండి, ‘రోజూ కల్లు, రెండు రోజులుగా లేదు’ అని అడ్మిషన్ దగ్గరే చెప్పండి. మూత్రపరీక్షలో ఆల్ప్రజోలామ్ రకం మందులు ఉన్నదీ లేనిదీ తెలియవచ్చు. తీసుకెళ్లేటప్పుడు ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో నీళ్లు గానీ మాత్రలు గానీ కుక్కకండి, ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టొద్దు.